గొడుగులాయన పరదా

జూన్ 4

చిట్టెలుకా,

నీకు అత్త నుంచి ఒక ముద్దు, ఒక మొట్టికాయ. ముద్దు కొత్త ఉద్యోగం వచ్చినందుకు. మొట్టికాయ ఆ కబురు ముందు మీ నాన్నకి చెప్పి తర్వాత నాకు చెప్పినందుకు. వాడు నీ తండ్రే కావచ్చు, నా తమ్ముడే కావచ్చు, కానీ నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది ఎవరే?

కంటి ఆసుపత్రిలో ఫోటోలు తీస్తావని వాడు చెప్తే రెప్పలకీ కనుబొమ్మలకీ తీస్తావేమో అనుకున్నాను. కాదట, కంటిలోపల వెనక గోడకి తీస్తారట. అక్కడేముందే ఫోటో తీసేంత? తీరిగ్గా రాయి. ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో సగం మాట నువ్వు మింగేస్తావు, మిగతా సగం నా చెవి మింగేస్తుంది. నా ఫోను డ్రాయర్లో హాయిగా పడుకుంది, లేపను. అక్షరాలు చెక్కుకుని బతికేదాన్ని, అక్షరాల్లోనే మాట్లాడతాను.

దుకాణం బాగానే ఉంది. ఉంగరాల లోపల పేర్లు, పందెంలో గెలిచినవాళ్ళ కప్పుల మీద పేర్లు, తలుపుల మీద ఇత్తడి పలకలు. ఇప్పటికీ అదే పద్ధతి. కళ్ళద్దాలు తీసి నెత్తిన పెట్టుకుని, ఉంగరాన్ని కుడికంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చెక్కడం. ఎడమకన్ను పుట్టు సోమరి, దాన్ని నేను లెక్కలో వేసుకోను. మొన్న ఒకాయన భూతద్దం లేకుండా ఎలా కనిపిస్తుందమ్మా అని నోరెళ్ళబెట్టాడు. హ్రస్వదృష్టి అండీ, దూరంగా ఏనుగొచ్చినా కనపడదు, దగ్గరికొస్తే చీమ మీసం కూడా దాక్కోలేదు అన్నాను.

పక్క దుకాణం గొడుగులాయన నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. రాశాను.

అందరి కళ్ళకీ ఫోటో తీస్తున్నావు సరే, నీ కంటికి తీయించుకున్నావా? నీ అద్దాలూ నా అద్దాల్లాగే సీసా అడుగులే కదా.

నీ
అత్త

జూన్ 12

అత్తా,

మొట్టికాయ అందింది, ఇంకా నొప్పిగా ఉంది.

నా గది సంగతి చెప్తాను. చిన్న చీకటి గది. రాగానే కంట్లో మందుచుక్కలు వేసి కాసేపు బయట కూర్చోబెడతాం. కంటిపాప పెద్దదయ్యాక లోపలికి పిలిచి, "గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఆనించండి, ఆ పచ్చచుక్క చూడండి, రెప్ప వెయ్యకండి" అంటాను. రోజంతా ఇదే పాట. ఇంటికొచ్చాక అన్నం తింటూ కూడా ఎవరి గడ్డమైనా పట్టుకుంటానేమో అని భయం.

వెనక గోడ మీద ఉండేది రెటీనా. వెలుతురు వచ్చి పడేది దానిమీదే, పడినదాన్ని మెదడుకి పంపేదీ అదే. మామూలువాళ్ళది చూస్తే నారింజరంగులో నిండుగా ఉంటుంది. మనలాంటివాళ్ళది చూస్తే, ఇది ఉంగరం పనిచేసేదానివి గనక నీకు వెంటనే అర్థమవుతుంది. ఒక ఉంగరానికి సరిపడే బంగారం రేకునే ఇంకా పెద్ద ఉంగరానికి సాగదీస్తే ఏమవుతుంది? పలచబడుతుంది కదా. హ్రస్వదృష్టి ఉన్న కన్ను గుండ్రంగా ఆగిపోకుండా వెనక్కి పొడుగ్గా పెరుగుతుంది, గుడ్డులాగా. అందుకే దూరపు వస్తువుల రూపం రెటీనా మీద కాకుండా దానికి ముందే పడిపోతుంది, మసకగా కనిపిస్తుంది. కన్ను పెరిగింది కదా అని కొత్త రెటీనా పుట్టుకురాదు. ఉన్నదే ఆ పెద్ద గోడంతా కప్పాలి. కప్పీ కప్పీ సాగుతుంది, అంచుల్లో మరీ పలచబడుతుంది. ఫోటో తీస్తే దాని వెనకున్న రక్తనాళాలు కూడా బయటికి కనిపించిపోతాయి. చూపు కణాలు కూడా ఎడం ఎడంగా అవుతాయి. మనకి మసక వెలుతుర్లో మిగతావాళ్ళకంటే ఇబ్బంది ఎక్కువ ఉండడానికి అదీ ఒక కారణమని మా డాక్టరమ్మ అంటారు.

ఇది చిన్నప్పుడే మొదలవుతుందట. కొంత ఇంటి రక్తం, కొంత ఎప్పుడూ దగ్గరివే చూస్తూ, బయట వెలుతుర్లో తక్కువ తిరగడం. కళ్ళద్దాలు చూపుని సరిచేస్తాయి గానీ సాగినదాన్ని మళ్ళీ చిన్నది చెయ్యలేవు.

అందుకే నువ్వు ఒకసారి చూపించుకో అత్తా. మీ ఊళ్ళోనూ కంటి ఆసుపత్రి ఉంది కదా. భయపెట్టాలని కాదు.

నాన్న బాగున్నాడు. నా కంటి సంగతి తర్వాత.

నీ
చిట్టెలుక

జూన్ 20

చిట్టెలుకకి,

నీ ఉత్తరం ముందు సంతోషంగా చదివాను, తర్వాత కోపంగా చదివాను. దగ్గరివే చూస్తూ కూర్చుంటే కన్ను సాగుతుందా? అంటే నా పని నా కన్నుని పాడుచేసిందనేగా? ఇక దుకాణం కట్టేసి కిటికీలో కూర్చుని ఆకాశం చూస్తూ బతకమనేగా నీ ఉద్దేశం? చుట్టూ తిప్పి చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే! మీ నాన్న ఎన్నాళ్ళ నుంచో అదే మాట అంటున్నాడు. ఇప్పుడు నీ నోట పలికిస్తున్నాడన్నమాట.

విను. పలచగా ఉంటే తప్పేంటి? పలచటి చీర, పలచటి రేకు, అన్నీ పనితనం ఉన్నవే. నా అద్దాల పవర్ పెరగక ఎన్నో ఏళ్ళయింది. పెరగడం ఆగిందంటే గొడవ కూడా ఆగినట్టే. నీ పరీక్షలూ చుక్కలూ నాకొద్దు.

అదీగాక తీరికెక్కడ? సంగీతం మాస్టారు పిల్లల కచేరీకని కప్పులు ఇచ్చి వెళ్ళారు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు, నాలుగు వరసల అక్షరాలు. దీపం ఒకటి సరిగా లేదు. కొత్త ట్యూబులైటు పెట్టించాను కదా, అది కుడిపక్క మూలలో తళుక్కున మెరుస్తోంది. చూస్తే బాగానే వెలుగుతుంది, చూపు తిప్పగానే మళ్ళీ తళుకు. ఆపేసినా ఒకసారి మెరిసింది! వైరింగులో ఏదో దెయ్యం ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే "అమ్మా, బాగానే ఉంది" అని నన్నొక రకంగా చూసి వెళ్ళాడు. పైకప్పు నుంచి మసి కూడా రాలుతున్నట్టుంది, తెల్లకాగితం చూస్తే నల్లటి నలకలు. తుడిస్తే పోవు. ఈ ఇల్లుగలాయన సున్నం ఎప్పుడు వేయిస్తాడో.

నీ కంటి సంగతి తర్వాత అన్నావు. ఆ తర్వాత ఎప్పుడొస్తుంది?

అత్త

జూన్ 27

అత్తా,

అయ్యో, నీ మీద ఒట్టు, నాన్న నాతో ఏం పలికించలేదు. నువ్వు దుకాణం కట్టెయ్యాలని నేనెప్పుడన్నాను? నీ బల్ల కింద కూర్చుని ఇత్తడి రజను ఏరుకుని ఆడుకున్నదాన్ని నేను. నీ దుకాణం మూతపడితే ముందు ఏడ్చేది నేనే. రెటీనా గురించి అడిగావని రాశాను, అడిగినదానికంటే ఎక్కువ రాశాను, అంతే. నువ్వు ఇంకా కోపంగా ఉన్నావని నీ సంతకం చెప్తోంది. "నీ అత్త" అని ఉండేది, ఉత్త "అత్త" అయింది.

పోనీ ఈసారి కళ్ళ ఊసే ఎత్తను. లైటుకి స్టార్టర్ మార్పించు. ఆపాక కూడా మెరిస్తే వైరింగ్ చూపించు, వేరే మనిషిని పిలువు, అశ్రద్ధ చెయ్యకు. సున్నం వేయించమని ఇల్లుగలాయనకి గొడుగులాయన చేత చెప్పించు, ఆయన మాట వింటాడు.

ఇక్కడ మా గదిలో ఏసీ ఎక్కువ, శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను. నాతో పనిచేసే అమ్మాయి నన్ను నానమ్మా అని పిలుస్తోంది.

కోపం తగ్గిందని ఒక్క ముక్క రాయవూ?

నీ
చిట్టెలుక

జూలై 3

నా చిట్టెలుకా,

తగ్గిందే, తగ్గింది. "నీ అత్త" అని చివర్లో పెద్ద అక్షరాలతో రాస్తాను, చూసుకో.

ఇప్పుడు నా కోపమంతా గొడుగులాయన మీదకి మళ్ళింది. ఇన్నాళ్ళ స్నేహం, ఇన్ని కప్పుల టీ, అన్నీ గంగలో కలిపాడు. నాలుగు రోజుల కిందట నా కిటికీ ఎడమవైపు కింది మూలలో ఏదో నల్లగా అడ్డమొచ్చింది. తన దుకాణం ముందు ఎండకి పరదా కట్టాడు, అది జారి నా వెలుతురుకి అడ్డొస్తోందని అనుకున్నాను. వెళ్ళి అడిగాను. "పరదా చుట్టి పైన కట్టేసే ఉందమ్మా, దించనేలేదు" అన్నాడు. "నాకు కళ్ళు లేవనుకున్నావా?" అని అరిచాను. ఆయనా అరిచాడు. సంగీతం మాస్టారు కప్పుల కోసం వచ్చి, గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆ మహానుభావుడు నా గోల పడలేక పరదాని మేకులతో సహా ఊడబీకి లోపల పడేశాడు. అయినా నీడ పోలేదే! ఇంకాస్త పైకొచ్చింది. కుర్చీ జరిపి చూశాను, నీడ కూడా జరిగింది. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి వచ్చింది. ఎడమచేతి పక్కన పెట్టుకున్న గ్లాసు రోజూ పడేస్తున్నాను. అప్పట్నుంచి ఆయనతో మాటలు లేవు. నేను వెళ్ళి తప్పయిందనాలి, నోరు రావట్లేదు.

చెక్కేటప్పుడు అక్షరం మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా కనపడుతోంది, నువ్వేం కంగారుపడకు. మెరుపులు కూడా తగ్గాయి. నిద్ర తక్కువై ఉంటుంది. కచేరీ అయిపోయాక నీ దగ్గరికొచ్చి నాలుగు రోజులు ఉంటాను. అప్పుడు కావాలంటే నీ పచ్చచుక్క చూస్తాను, నువ్వు ముందు చూస్తేనే సుమా.

నీ అత్త
(ఎంత పెద్దగా రాశానో చూశావా)

జూలై 7

అత్తా,

నువ్వు ఆపరేషన్ గది తలుపు లోపల ఉన్నావు. రాత్రి బండెక్కి వచ్చిన నేను బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సాయంత్రం బండికి నేను వెళ్ళకపోతే గదిలో ఫోటోలు తీసేవాళ్ళు లేరు, నాతో పనిచేసే అమ్మాయి సెలవులో ఉంది. నీకు మత్తు దిగి బాగా తెలివొచ్చేసరికి నేను ఉండనేమో. గొడుగులాయన చదివి వినిపిస్తారు.

నిన్న పొద్దున నీ ఉత్తరం వచ్చింది. "కుర్చీ జరిపితే నీడ కూడా జరిగింది" అన్న చోట చదవడం ఆపి ఫోను అందుకున్నాను. నీ ఫోను డ్రాయర్లో నిద్రపోతోంది కదా, గొడుగులాయనకి చేశాను. "పెద్దాయనా, మీరు పోట్లాడుకున్నారని తెలుసు, ఆ పరదా మీది కాదు, అత్త కంట్లోది, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన ఇంకో మాట అడగలేదు. కానీ నువ్వు కదలనన్నావట! "ముందు అది గడ్డం పెట్టాలి, అప్పుడే నేను లేస్తాను" అని కుర్చీ పట్టుకుని కూర్చున్నావట. ఫోను నీ చెవి దగ్గర పెట్టారు. కూర్చుంటానత్తా అని మాటిచ్చాను. ఇచ్చాను కదా, ఉంచుకుంటాను.

నీకేమైందో ఇప్పుడు చెప్తాను, ఈసారి ఏదీ మింగను. కంటి మధ్యలో జిగురులాంటి పదార్థం ఉంటుంది. వయసుతో అది ముడుచుకుని రెటీనాని లాగుతుంది. అలా లాగినప్పుడల్లా మెరుపు కనపడుతుంది. లైటు కాదు, స్టార్టరూ కాదు. నీ మసి నలకలు సున్నం కాదు, లోపల రక్తనాళం చిట్లినప్పుడు పడ్డ మచ్చలు. నీ కుడికంటి రెటీనా సాగి పలచగా ఉన్నచోట, పై అంచున చిరిగింది. చిరుగులోంచి నీరు వెనక్కి చేరి, గోడకి అంటుకున్నదాన్ని ఊడదీస్తూ వచ్చింది. ఊడిన భాగానికి చూపు లేదు. పైన ఊడితే కింద నీడ కనిపిస్తుంది, బయటి రూపం లోపల తలకిందులుగా పడుతుంది కాబట్టి. అదే నీ పరదా.

రోజూ ఇవే లక్షణాలు పేషెంట్లని అడుగుతాను అత్తా. నువ్వు రాస్తే స్టార్టర్ మార్చమన్నాను. నీకు కోపం తెప్పించకూడదనే గాభరాలో నీ మాటే చదవలేదు నేను. ఈ బెంచీ మీద కూర్చుని అదే తలుచుకుని ఏడుస్తున్నాను, గొడుగులాయన తన రుమాలు ఇచ్చారు.

డాక్టరు ఒక మంచి మాట చెప్పారు. మధ్యభాగం, నువ్వు ఉంగరం చూసే చోటు, ఇంకా ఊడలేదు. నీరు దాని అంచుదాకా వచ్చింది. ఆపరేషన్ చేసి, నీరు తీసి, చిరుగు చుట్టూ అతికించి, కంట్లో గాలిబుడగ లాంటిది నింపుతారు. అది లోపల్నుంచి రెటీనాని గోడకి అదిమి పట్టుకుంటుంది. తర్వాత నువ్వు వాళ్ళు చెప్పినట్టు వినాలి. పని చెయ్యగలదా అని అడిగాను. చూద్దాం అన్నారు.

ఇంక తలుపు తెరుస్తున్నారు.

నీ
చిట్టెలుక

జూలై 16

చిట్టెలుకా,

ఇది గొడుగులాయన చేతిరాత, మాటలు నావి. ఆయన అక్షరాలు గాలివానలో గొడుగుల్లా వాలిపోతాయి, ఓర్చుకుని చదువు. (అమ్మాయీ, నేను బాగానే రాస్తాను. ఈవిడకి చూడ్డానికి వీల్లేక నోటికొచ్చింది అంటున్నారు.)

బోర్లా పడుకోవాలి, లేదా కుర్చీలో తల నేలకి వంచి కూర్చోవాలి. అలా అయితేనే బుడగ వెనక్కి తేలి రెటీనాని నొక్కుతుందట. నర్సమ్మ వచ్చి ఎలా వంచాలో నేర్పబోయింది. అమ్మా, జీవితమంతా తల వంచుకుని చెక్కినదాన్ని, ఇది నాకు నేర్పుతావా అన్నాను. అయినా చేతిలో పని లేకుండా వంచడం వేరే సంగతి, మెడ విరిగిపోతోంది. నేలే కనపడుతోంది, అదీ నీళ్ళలో మునిగినట్టు. నేల చారలన్నీ నాకు బంధువులయిపోయాయి.

మీ నాన్న వచ్చాడు. దుకాణం సంగతి ఎత్తుతాడని ఒళ్ళు బిగబట్టుకున్నాను. ఎత్తలేదు. నా ఉలులన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టి వెళ్ళాడు. వాణ్ణి నేను ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నట్టున్నాను.

కప్పులు సంగీతం మాస్టారు వేరే చోట చెక్కించుకుంటారని అనుకున్నాను. ఆగుతామని కబురు చేశారు. ఆగమన్నది ఎవరని అడిగితే గొడుగులాయన నోరు విప్పట్లేదు. (నేనేం అనలేదు. ఊరికే వెళ్ళి టీ తాగొచ్చాను.)

భయంగా ఉందే. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. ఈ ఒక్క కన్నూ పోతే నేను ఏం చేసుకుని బతకాలి, ఎవరినని గుర్తుపట్టాలి?

అది సరే. నువ్వు గడ్డం పెట్టావా? మాటిచ్చి వారం దాటింది. ఇంకా తర్వాతేనా?

నీ అత్త

(అమ్మాయీ, ఇది ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. రోజూ పొద్దున ఒక ఉంగరం తీసి తడుముకుంటున్నారు, లోపలి అక్షరాలు వేలితో చదువుతున్నారు. నువ్వు త్వరగా ఆ పరీక్ష చేయించుకో. నీ గురించే ఎక్కువ దిగులు పడుతున్నారు.)

ఆగస్టు 1

అత్తా,

పెట్టాను. గడ్డం పెట్టాను, నుదురు ఆనించాను.

ఎందుకు తప్పించుకు తిరిగానో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రోజూ చిరిగినవీ ఊడినవీ చూసి చూసి, నాది కూడా అలా ఉంటే చూడకుండా ఉండడమే మేలనిపించింది. చూడకపోతే లేనట్టే అనుకున్నాను. కళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తూ!

నాతో పనిచేసే అమ్మాయి ఫోటో తీసింది. నేను రోజూ చెప్పే మాటలే తను చెప్తుంటే నవ్వొచ్చి కదిలాను, తిట్టింది. డాక్టరమ్మ ఇంకో అద్దంతో అంచులన్నీ చూశారు. కుడికన్ను బాగానే ఉంది. ఎడమకంట్లో పై అంచున పలచటి మచ్చ, దాని మధ్యలో చిన్న చిల్లు. నాకు ఒక్క మెరుపూ రాలేదు, ఒక్క నలకా లేదు. ఏమీ తెలియలేదు. "మీ అత్త పంపిందా నిన్ను? ఆవిడకి నా తరఫున దండం పెట్టు" అన్నారు డాక్టరమ్మ.

ఆ రోజే లేజర్ చేశారు. చిల్లు చుట్టూ వరసగా చిన్న చిన్న చుక్కలు వేసుకుంటూ పోతారు. ఆ చుక్కలు మానితే రెటీనా అక్కడ గోడకి గట్టిగా పట్టుకుంటుంది, నీరు దూరదు. తర్వాత ఫోటోలో చూస్తే, నువ్వు పలకల చుట్టూ చెక్కే చుక్కల అంచు ఉంది చూడు, అచ్చం అలాగే ఉంది. కాస్త వంకరగా. నీ చేతికిచ్చి ఉంటే ఇంకా బాగా వేసేదానివి.

నీ కంటి సంగతి వెంటనే రాయి. ఎంత కనపడుతోందో ఉన్నదున్నట్టు రాయి, నా కోసం తక్కువ చేసి రాయకు.

నీ
చిట్టెలుక

ఆగస్టు 24

చిట్టెలుకా,

చేతిరాత గుర్తుపట్టావా? నాదే. గొడుగులాయన పక్కన కూర్చుని, తన ఉద్యోగం పోయిందని మూతి ముడుచుకున్నాడు.

నీ ఉత్తరం ఆయన చదువుతుంటే చిల్లు అన్న మాట దగ్గర ఆపేయమన్నాను. కాసేపాగి మిగతాది వినిపించమన్నాను. చుక్కల దాకా వచ్చాక కళ్ళు తుడుచుకోకూడదని డాక్టరు చెప్పింది మర్చిపోయి తుడుచుకున్నాను.

బుడగ రోజురోజుకీ చిక్కి, చివరికి ఆవగింజంతై అడుగున దొర్లుతూ ఉండేది. మొన్న పొద్దున లేచి చూస్తే లేదు. ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. ఎడమ కింది మూలలో ఇంకా మసకగానే ఉంది, అది పూర్తిగా రాకపోవచ్చన్నారు. గ్లాసు అటు పెట్టుకోవడం మానేశాను. ముందు ముందు కంట్లో శుక్లం రావచ్చు, అప్పుడు ఇంకో ఆపరేషన్ అన్నారు. పనికి తొందరపడొద్దన్నారు. కానీ మధ్యలో చూపు నిలిచింది. నిన్న పాత ఉంగరం తీసి, అద్దాలు నెత్తిన పెట్టుకుని, కంటికి ఆనించి చూశాను. వేలితో చదివినదాన్ని కంటితో చదివాను.

గొడుగులాయనకి తప్పయిందని చెప్పాను. "దేనికి?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. దేనికో నీకు తెలీదా, పో, ఆ పరదా మళ్ళీ కట్టు, ఎండకి నీ గొడుగులన్నీ వెలిసిపోతున్నాయి అన్నాను. నిన్న మధ్యాహ్నం కట్టి కిందికి దించాడు. నీడ వచ్చి నా బల్ల మీద ఎడమవైపు పడింది. కుర్చీని మెల్లగా కుడివైపుకి జరిపాను.

నీడ బల్ల మీదే ఉండిపోయింది. నాతో రాలేదు.

నీ అత్త